బృహన్నలను చూచి నవ్వినవారు



అనావృష్టి కాలమున విరాటపర్వమును పారాయణము చేయించినచో వర్షము కురియునని తెలుగుదేశమున చిరకాల విశ్వాసము కలదు. ఈశాన్య ఋతుపవనములపై ఆశ పెట్టుకొని బ్రదుకు నెల్లూరు సముద్రతీరమునకు ఈ పర్వముతో అంతకంటె గాఢమైన సంబంధము ఒకటి ఉన్నది. 13వ శతాబ్దమున మనుమసిద్ధి ఆస్థానమును అలంకరించిన తిక్కన సోమయాజి, నన్నయభట్టారకుడు అరణ్యపర్వము నడుమ విడిచిన భాగమును స్పృశింపక, విరాటపర్వముతో ఆరంభించి 15 పర్వములను తెనిగించెను; ఆ మహాకావ్యమును హరిహరనాథునకు అంకితము గావించెను. రెండు మూర్తులుగా తోచు పరతత్త్వమును ఒకే మూర్తిగా ఉపాసించిన ఆ కవి, గాండీవధారి చీర కట్టి, జడ అల్లుకొని, అంతఃపురమున నాట్యాచార్యత్వము వహించిన కథతో తన భారతమునకు శ్రీకారము చుట్టినాడు.

ఆ తీరముననే కావలి మొదలు కృష్ణపట్నము వరకు గల గ్రామములలో నేడు సాయంకాలమైనచో టెలివిజన్ వెలుగును. తెరపై చీర కట్టిన పురుషుడు ఒకడు ప్రవేశించును. ఇంటిల్లిపాది నవ్వును. ఉదయము బృహన్నల కథకు చేతులు జోడించినవారే సాయంకాలము ఆ వేషధారిని చూచి వెక్కిరింతగా నవ్వుచున్నారు. ఈ రెండు స్పందనములలో ఏది ధర్మము? రెండును ఒకే హృదయమున ఎట్లు ఇముడుచున్నవి? ఈ ప్రశ్న వినోదమునకు సంబంధించినది కాదు. దేహాత్మబుద్ధిని జయింపవలెనని కోరు ప్రతి సాధకునికిని ఇది ఒక పరీక్ష.

మొదట ఇతిహాసమునే పరిశీలింపవలెను. బృహన్నలను చూచి నవ్వినవారు విరాటపర్వములోనే ఉన్నారు. కౌరవులు గోగ్రహణము చేసినప్పుడు ఉత్తరకుమారునికి సారథ్యము చేయుటకు బృహన్నలను నియోగించిరి. కవచము ధరించుట తెలియనివానివలె అర్జునుడు దానిని తలక్రిందుగా తొడిగికొనబోయెను. అంతఃపుర కన్యలు పకపక నవ్విరి. ఆ నవ్వులో ద్వేషము లేదు. ఆచార్యుని యందు చనువు కలిగిన శిష్యురాండ్ర నవ్వు అది. ఉత్తర ఆ గురువుతోనే, యుద్ధమునుండి తిరిగి వచ్చునప్పుడు తన బొమ్మపొత్తికలకు వన్నెవన్నెల వస్త్రములు తెమ్మని వేడుకొన్నది. ఆ వేషములోనున్న వ్యక్తి తన కోరిక తీర్పగలడని ఆ బాలికకు గల నమ్మకము ఎంత నిర్మలమైనది!

ఇక రెండవ ఘట్టము. కౌరవసేన ఓడినదని వార్త వచ్చినంతనే విరాటుడు తన కుమారుని పరాక్రమమును పొగడుట ఆరంభించెను. బృహన్నల సారథిగా ఉన్నచో విజయము సహజమేయని కంకభట్టు పలికెను. మహారాజు సహింపలేకపోయెను. తన పుత్రునితో ఒక షండుని సమానముగా చెప్పుదువా యని క్రుద్ధుడై చేతనున్న పాచికను కంకుని ముఖముపై విసరివేసెను. రక్తము స్రవించినది. ఆ రక్తము నేల రాలకుండ సైరంధ్రి పాత్ర పట్టినది. అది సాక్షాత్తు ధర్మరాజు రక్తము! స్త్రీవేషమున ఉన్నవానికి యోగ్యత ఉండునని అంగీకరింపలేని అహంకారము, చివరకు ధర్మమునే గాయపరచినది. విరాటుడు దుర్మార్గుడు కాడు; ఆశ్రయమిచ్చిన సజ్జనుడు. సజ్జనుని యందు సైతము ఈ దోషము దాగి యుండునని చూపుటయే ఆ ఘట్టము యొక్క పరమార్థము.

వేషధారణ విషయమున శాస్త్రము ఏమి చెప్పుచున్నదో పిదప విచారింపవలెను. భరతముని నాట్యశాస్త్రమున పాత్రధారణను మూడు విధములుగా విభజించెను. వయస్సు, జాతి తనకు తగిన పాత్రను ధరించుట అనురూపము. బాలుడు వృద్ధుని, వృద్ధుడు బాలుని ధరించుట విరూపము. పురుషుడు స్త్రీ భావమును ధరించుట రూపానుసారిణి. మూడవదానిని ఆ మహర్షి దోషముగా పరిగణింపలేదు. నాట్యవిధులలో ఒకటిగా స్థానమిచ్చెను. కూచిపూడి సంప్రదాయమున సిద్ధేంద్రయోగి భామాకలాపమును నిర్మించి, ఆ గ్రామమున జన్మించిన పురుషుడు జీవితమున ఒక్కమారైనను సత్యభామ పాత్ర ధరింపవలెనని నియమించినట్లు ప్రసిద్ధి. జీవాత్మ పరమాత్మకై పరితపించు విరహమును పురుషుడు తన శరీరమున అనుభవించుటకు అది ఒక ఉపాయము. పుంస్త్వాభిమానమును జడతో సహా వేదికపై కట్టివేయు సాధన అది.

ఆ సాధనకు ఫలితములు ప్రత్యక్షముగా కానవచ్చినవి. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా, చింతామణిగా, రోషనారగా, మధురవాణిగా తెలుగు రంగస్థలమును ఏలెను. 1956లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. వేదాంతం సత్యనారాయణశర్మ కూచిపూడి సత్యభామగా, ఉషగా దశాబ్దముల పాటు ప్రేక్షకులను తన్మయులను గావించి 1970లో పద్మశ్రీ అందుకొనెను, 2012లో పరమపదించెను. వీరిని చూచి అపహసించినవారు లేకపోలేదేమో. కాని లోకము వారిని గుర్తుంచుకొన్నది హాస్యపాత్రులుగా కాదు, రసస్రష్టలుగా. 1963 నాటి నర్తనశాల చలనచిత్రమున నందమూరి తారకరామారావు బృహన్నలగా కనిపించినప్పుడును ప్రేక్షకులు ఆ వేషము వెనుకనున్న వీరుని మరువలేదు.

దేవాలయములలోను ఈ దర్శనము లుప్తము కాలేదు. నెల్లూరు తీరమునుండి తిరుమల బ్రహ్మోత్సవములకు పోవు భక్తులు ఐదవనాటి ఉదయమున శ్రీనివాసుని మోహినిగా దర్శించి పులకింతురు. గోదావరి సీమలోని ర్యాలి క్షేత్రమున ఒకే శిలయందు ముందు భాగమున కేశవుడు, వెనుక భాగమున జగన్మోహిని. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పురుషులు చీరలు కట్టి, పూలు ముడిచి, నగలు ధరించి అమ్మవారి మ్రొక్కు చెల్లింతురు. వారిని చూచి ఎవరును నవ్వరు, పాదములకు మ్రొక్కుదురు. చీర ఒక్కటే, పురుషుడును ఒక్కడే. నవ్వు, నమస్కారము అను భేదము చూచువాని దృష్టియందే కలదు.

ఇప్పుడు బుల్లితెరకు రావలెను. 2013లో ఈటీవీలో ఆరంభమైన జబర్దస్త్ కార్యక్రమమున జట్లు ప్రహసనములు ప్రదర్శించుటయు, న్యాయనిర్ణేతలు మార్కులు వేయుటయు పద్ధతి. అందు పురుషులు స్త్రీ వేషము ధరించుట, వాడుక మాటలో లేడీ గెటప్ వేయుట, ఒక స్థిరమైన అంశమైనది. శాంతిస్వరూప్, వినోద్ మొదలగువారు ఆ వేషములతోనే ప్రజలకు పరిచితులైరి. వీరి నైపుణ్యము అల్పమైనది కాదు. నడక, కంఠస్వరము, కనుచూపు, చీర కుచ్చిళ్ల సవరింపు, ఇవన్నియు అభ్యాసముతో సిద్ధించునవే. పాశ్చాత్యదేశములలో డ్రాగ్ అని పిలువబడు ఈ కళ 2009లో అమెరికాలో రుపాల్స్ డ్రాగ్ రేస్ అను పోటీ కార్యక్రమముగా రూపుదాల్చి, విజేతకు కిరీటము పెట్టు స్థాయికి చేరినది. 2018లో హిందీ సరిగమప పాటల పోటీలో సుశాంత్ దివ్గీకర్ రాణీ కోహినూర్ వేషమున స్త్రీ పురుష కంఠములు రెండింటను పాడి మెప్పించెను. తెలుగు బుల్లితెరపై అట్టి కిరీటము లేదు. ఉన్నది ఎక్కువగా చెంపదెబ్బ, వెటకారము, ద్వంద్వార్థ సంభాషణము.

ఇచ్చట దోషము హాస్యమున లేదు. హాస్యము నవరసములలో ఒకటి. అయితే భరతముని హాస్యమును ఆరు అంతరములుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. పాత్రయొక్క చమత్కారమునకు నవ్వుట వేరు. చీర కట్టిన దేహము ఉన్నంత మాత్రమున నవ్వుట వేరు. మొదటిదానికి నటుని ప్రతిభ కారణము. రెండవదానికి ప్రేక్షకుని అవజ్ఞ కారణము. ప్రహసన రచయిత సులభముగా నవ్వు పుట్టించుటకు రెండవదానిని ఆశ్రయించినప్పుడు కళ క్షీణించును. చూచువాని చిత్తము మలినమగును.

ఈ కథకు మరియొక అధ్యాయము కలదు. సాధకుడు నిలిచి ఆలోచింపవలసినది అచ్చటనే. జబర్దస్త్‌లో పురుషనామముతో స్త్రీ వేషములు వేసిన ఒక కళాకారిణి, అనంతరము తన అంతరంగమునకు అనుగుణముగా శరీరమును మార్చుకొని, ప్రియాంకా సింగ్ అను పేరుతో లోకమునకు పరిచయము చేసికొన్నది. 2021లో బిగ్‌బాస్ తెలుగు ఐదవ సంచికలో పోటీదారుగా ప్రవేశించి సుమారు మూడు మాసములు ప్రేక్షకుల ఓట్లతో నిలిచినది. అంతకు పూర్వము 2019లో మూడవ సంచికలో తమన్నా సింహాద్రి ట్రాన్స్‌జెండర్ వ్యక్తిగా ఆ ఇంటిలో అడుగుపెట్టినది; అదే సంవత్సరము ఆమె మంగళగిరి శాసనసభా స్థానమునకు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచినది.

వేషము వేరు, స్వభావము వేరు. స్థానం వారు ముఖమున రంగు కడిగికొన్న పిదప పురుషుడు. ఆయనకు స్త్రీత్వము పాత్రగతము. ప్రియాంకకు పురుషనామమే వేషము. తెరపై నవ్వు పుట్టించిన ఆ చీరయే ఆమెకు సహజము. వెలుపలి కన్నులకు రెండును ఒకటిగా తోచును. కావుననే లేడీ గెటప్‌ను చూచి నవ్వుటకు అలవాటుపడిన ప్రేక్షకుడు, నిజముగా స్త్రీగా జీవించు వ్యక్తి వీధిలో ఎదురైనప్పుడును అదే నవ్వు నవ్వును. తెరపై నటుడు ఆ నవ్వునకు వేతనము పొందును. వీధిలోని వ్యక్తి ఆ నవ్వును భరించును. నవ్వినవానికి మాత్రము భేదము తెలియదు.

ఇచ్చట మూడు పూర్వపక్షములు ఉదయించును. మొదటిది: అర్జునుని షండత్వము ఊర్వశీ శాపఫలము, ఒక్క సంవత్సరమునకు పరిమితము, దానిని చూపి నేటి సర్వ వర్తనములను సమర్థించుట తగదు. ఈ వాదమున సత్యము కలదు. బృహన్నలయు, మోహినియు ఎవరి జీవనమునకును ధ్రువపత్రములు కారు. పురాణఘట్టములను వాదములో గెలుచుటకు అస్త్రములుగా వాడుట, అది ఏ పక్షము వారు చేసినను, ఆ ఘట్టముల గాంభీర్యమునకు హాని చేయును. అయితే ఆ ఘట్టములు ఒక విషయమును నిస్సంశయముగా బోధించుచున్నవి. అట్టి రూపమున ఉన్నవానిని అవమానించుట అధర్మము. పాచిక విసరిన విరాటుని పశ్చాత్తాపమే అందులకు నిదర్శనము. అనుకరణమునకు అనుజ్ఞ ఉన్నదా లేదా అను వివాదము ఎట్లున్నను, అవజ్ఞకు అనుజ్ఞ లేదు.

రెండవది: కూచిపూడి వేషము భగవదర్పణము, టెలివిజన్ వేషము ధనార్జనము, కీర్తికాంక్ష. రెండింటిని ఒకే గాట కట్టరాదు. ఇదియు విచారణీయమే. ఓట్ల కొరకు, మార్కుల కొరకు ప్రదర్శింపబడు కళయందు ఫలాసక్తి అధికము. వారము వారము ఎవరో ఒకరు బహిష్కృతులగు పోటీ మనస్సును రాగద్వేషములతో నింపును. కాని ఈ విమర్శ పోటీలో పాల్గొను గాయకునికిని, నర్తకునికిని, చీర కట్టని హాస్యనటునికిని సమానముగా వర్తించును. వారిని వదలి, చీర కట్టినవానిపై మాత్రమే ఈ ధర్మసూత్రమును ప్రయోగించినచో అది వైరాగ్యము కాదు; వైరాగ్యవేషము ధరించిన ద్వేషము.

మూడవది: ఇది విదేశీయ సంస్కృతి ప్రభావము, సనాతన సమాజమున ఇట్టివారికి స్థానము లేదు. ఈ వాదము చరిత్రకు విరుద్ధము. వీరిని నేరస్థులుగా పరిగణించిన శాసనములే ఇటీవలి పాలకులవి. బ్రిటిష్ ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టమున ఒక భాగము వీరిపైననే గురిపెట్టబడినది. హైదరాబాదు సంస్థానమున 1919లో, అనగా 1329 ఫసలీలో, వచ్చిన చట్టము స్త్రీ వేషమున బహిరంగ స్థలమున కనబడుటనే, ఆడిపాడుటనే శిక్షార్హము గావించినది. ఆ చట్టము ప్రకారము బృహన్నల నాట్యాచార్యుడు కాడు, ముద్దాయి! 2014లో సర్వోన్నత న్యాయస్థానము వీరి లింగ గుర్తింపును హక్కుగా అంగీకరించినది. 2023లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఆ పాత చట్టమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. వేషమును నేరముగా చూచు దృష్టిని సనాతనమని భ్రమించుట, అన్యుల ఋణమును పిత్రార్జితమని లెక్కించుట వంటిది.

ఇక సిద్ధాంతము. ఆత్మ స్త్రీ కాదు, పురుషుడు కాదు, నపుంసకము కాదు. ఏ శరీరమును గ్రహించునో దానితో కూడి వ్యవహరించునని శ్వేతాశ్వతరోపనిషత్తు బోధించుచున్నది. మూలకారణమైన బ్రహ్మమే నటునివలె ఆయా రూపములతో సకల వ్యవహారమునకు ఆస్పదమగుచున్నదని శంకర భగవత్పాదులు సూత్రభాష్యమున నిరూపించిరి. విద్యారణ్యస్వామి పంచదశిలో నాటకదీపమను పేర ఒక ప్రకరణమునే రచించిరి. నృత్యశాలయందలి దీపము ప్రభువును, సభ్యులను, నర్తకిని భేదము లేక ప్రకాశింపజేయును. వారందరు వెడలిపోయినను తాను వెలుగుచునే యుండును. అహంకారము ప్రభువు, విషయములు సభ్యులు, బుద్ధి నర్తకి, సాక్షిచైతన్యము దీపము. ఆ దీపము నర్తకి చీరను పరీక్షించి వెలుగును హెచ్చింపదు, తగ్గింపదు.

ఈ బోధను అంగీకరించిన వేదాంతికి ఒక చిక్కు కలదు. ప్రతిదినము శరీరము నేను కానని జపించుచు, ఎదుటివానిని మాత్రము శరీరముతోనే తూచుట ఎట్లు పొసగును? తనకు ఆత్మదృష్టి, పరునికి దేహదృష్టి అను ఏర్పాటు అద్వైతము కాదు. నిజము చెప్పవలెనన్నచో ప్రతి మానవుడును వేషధారియే. ఉద్యోగి, గృహస్థుడు, పండితుడు, తుదకు సాధకుడు అను వేషములు సైతము రాత్రి నిద్రలో రాలిపోవును. చీర కట్టిన నటునకు తాను వేషము ధరించినట్లు తెలియును. మిగిలినవారిలో అనేకులకు ఆ ఎరుక లేదు. ఆ ఒక్క విషయమున, నవ్వువానికంటె నవ్వింపబడువాడు జ్ఞానమునకు సమీపమున ఉన్నాడు.

ఇది శాస్త్రచర్చతో ముగియు విషయము కాదు. ఆ టెలివిజన్ ఎదుట ఇంటిల్లిపాది నవ్వుచున్నప్పుడు, ఒక మూల కూర్చున్న బాలుడు ఒకడు ఉండవచ్చును. నడకలో, మాటలో, మనస్సులో తాను ఇతర బాలురవంటివాడను కానని వానికి తెలిసియుండవచ్చును. తల్లి నవ్వు వినును. తండ్రి పలికిన వెటకారపు మాట వినును. ఆ నవ్వు తెరమీది నటునకు చేరదు. చేరునది ఆ బాలునికే. తన ఇంటిలో తనకు చోటు లేదని వాడు ఆ రాత్రియే నిశ్చయించుకొనవచ్చును. ఇల్లు విడిచి రైలుబండ్లలో చేయి చాచువారిలో, ఒకనాడు ఇట్టి మూలల కూర్చుండి విన్నవారు ఎందరో. అజ్ఞాతవాసమున అర్జునునకు ఒక సంవత్సరమే గడువు. ఈ బాలునికి గడువు ఎవరును చెప్పలేదు.

కావున భక్తులు చేయవలసినది కష్టమైనది కాదు. చీర కట్టిన నటుని ప్రతిభకు నవ్వవచ్చును, చప్పట్లు కొట్టవచ్చును. వాని ఉనికికి నవ్వరాదు. జాతరలో మ్రొక్కిన చేతులు వీధిలో వెక్కిరింపరాదు. సత్సంగమునకు, అన్నదాన పంక్తికి అట్టివారు వచ్చినచో ప్రక్క పీట చూపవలెను. ఆశీర్వచనము కొరకు మాత్రమే వారిని పిలిచి, భోజనవేళకు దూరముగా ఉంచు ఆచారమును విడువవలెను. ఇంటిలోని పిల్లవాడు భిన్నముగా కనబడినచో ఉత్తర తన గురువుపై ఉంచిన నమ్మకములో పాతిక భాగమైనను వానిపై ఉంచవలెను. కళాకారులును తమ వంతుగా, తమవంటివారినే కించపరచు ప్రహసనములను నిరాకరింపవలెను. వేతనము కొరకు నిరాకరింపలేని స్థితిలో ఉన్నవారిని నిందించుటకు ముందు, ఆ ప్రహసనమును చూచి రేటింగులు పెంచువారు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

మరల ఒక సంవత్సరము వానలు ఆలస్యమగును. పెన్నాతీర గ్రామములలో ఎచ్చటనో ఒక ఆలయమున తిక్కన విరాటపర్వము తెరువబడును. పౌరాణికుడు రాగము తీసి చదువును. పాచిక విసరిన ఘట్టము వచ్చినప్పుడు శ్రోతలు క్షణకాలము ఆగి, ఆ పాచిక నేడు ఎవరి చేతిలో ఉన్నదో చూచుకొన్నచో, అప్పుడు ఆ పారాయణము ఫలించినట్లే. వర్షము ఈశ్వరాధీనము, హృదయము ఆర్ద్రమగుట మాత్రము శ్రోతయొక్క అధీనము.

శ్రీ హరిహరనాథార్పణమస్తు.